అప్‌డేట్: వీఎస్ కోడ్‌లో ఎక్స్‌డీబగ్ ఇప్పుడు బ్రేక్‌పాయింట్ దగ్గర ఆగుతోంది

డాకర్‌లో (ప్రోగ్రామ్‌ని కంటైనర్ అనే విడి వాతావరణంలో నడిపే టూల్) నడిచే పీహెచ్‌పీ ప్రాజెక్టుకి వీఎస్ కోడ్ ఎడిటర్‌లో పీహెచ్‌పీ డీబగ్ ఎక్స్‌టెన్షన్ పెట్టినా, ఎక్స్‌డీబగ్ (పీహెచ్‌పీ డీబగ్గర్) బ్రేక్‌పాయింట్ (కోడ్‌ని ఆపమని గుర్తు పెట్టిన లైన్) దగ్గర ఆగట్లేదని అడిగాను కదా, పరిష్కారమైంది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

మొదట పోర్ట్, అంటే ఎక్స్‌డీబగ్ ఎడిటర్‌కి కనెక్ట్ అయ్యే నంబర్. నేను చూసి చేసిన పాత గైడ్‌లో 9000 అని ఉంది. 2020 చివర్లో వచ్చిన ఎక్స్‌డీబగ్ 3 నుంచి డిఫాల్ట్ పోర్ట్ 9003. చాలా సెట్టింగుల పేర్లు కూడా అప్పుడే మారాయి. కాబట్టి "రిమోట్ ఎనేబుల్" లాంటి పాత లైన్లు కనిపిస్తే ఆ గైడ్ పక్కన పెట్టేయండి. ఇప్పుడు ఎక్స్‌డీబగ్ మోడ్ సెట్టింగ్‌కి "డీబగ్" అని ఇస్తే చాలు.

పోర్ట్ మార్చాక కనెక్షన్ వచ్చింది, అయినా ఆగలేదు! అసలు తిరకాసు పాత్ మ్యాపింగ్‌లో (రెండు చోట్ల ఉన్న ఫైల్ దారుల్ని జత చేసే సెట్టింగ్) ఉంది. కంటైనర్ లోపల ఫైల్ ఉండే దారి వేరు, ఎడిటర్‌లో తెరిచిన ఫోల్డర్ దారి వేరు. లాంచ్ డాట్ జేసన్‌లో (వీఎస్ కోడ్ డీబగ్ సెట్టింగుల ఫైల్) ఎడమవైపు సర్వర్ దారి, అంటే కంటైనర్ లోపలిది, కుడివైపు మన ఫోల్డర్ రాయాలి. ఇది తిరగబడితే ఎర్రర్ ఏమీ రాదు, డీబగ్గర్ ఆగకుండా వెళ్లిపోతుంది. అదే చిరాకు.

క్లయింట్ హోస్ట్ (ఎక్స్‌డీబగ్ కనెక్ట్ అవ్వాల్సిన కంప్యూటర్ పేరు) దగ్గర లోకల్‌హోస్ట్ పెట్టకండి, కంటైనర్ లోపల లోకల్‌హోస్ట్ అంటే ఆ కంటైనరే. మన కంప్యూటర్‌ని సూచించే హోస్ట్ డాట్ డాకర్ డాట్ ఇంటర్నల్ పెట్టాలి. లినక్స్ వాళ్లు డాకర్ కంపోజ్ సెట్టింగుల ఫైల్‌లో ఎక్స్‌ట్రా హోస్ట్స్ కింద దాన్ని హోస్ట్ గేట్‌వేకి కలపాలి.

ఎక్స్‌డీబగ్ ఇన్ఫో ఫంక్షన్‌ని ఒక పేజీలో పిలిచి చూడమన్న సలహా బాగా పనికొచ్చింది. ఏ సెట్టింగ్ నిజంగా అమల్లో ఉందో అక్కడే తెలుస్తుంది.

ప్రతి రిక్వెస్ట్‌కీ డీబగ్గర్ మొదలైతే పేజీలు నెమ్మదిస్తున్నాయి, అందుకే అడిగినప్పుడే మొదలయ్యే ట్రిగ్గర్ పద్ధతికి మార్చేశాను.