అప్‌డేట్: రాడార్ డిటెక్టర్ బిగించేశా

కారులో రాడార్ డిటెక్టర్ (పోలీసుల స్పీడ్ రాడార్‌ని పసిగట్టి కూసే పరికరం) వైరు వేలాడకుండా ఎలా బిగించాలి, జీపీఎస్ ఉన్నదే కొనాలా అని ఇంతకుముందు అడిగాను కదా, పనైపోయింది. జీపీఎస్ ఉన్నదే తీసుకున్నా. షాపుల ఆటోమేటిక్ తలుపులు, పక్క కార్ల బ్లైండ్ స్పాట్ సెన్సర్లు కూడా చాలావరకు 24 గిగాహెర్ట్జ్ దగ్గర, అంటే పోలీసు రాడార్ వాడే కే బ్యాండ్‌లోనే పనిచేస్తాయి కాబట్టి మామూలుది ఊరికే కూస్తుంది. జీపీఎస్ ఉన్నది రోజూ ఒకేచోట తగిలే సిగ్నల్‌ని గుర్తుపెట్టుకుని నోరు మూసుకుంటుంది. కదిలే కార్ల గోల మాత్రం దానితో పోదు, వేరే ఫిల్టర్ ఉండాల్సిందే.

కరెంటు కోసం, ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే పవర్ వచ్చే ఫ్యూజ్‌ని టెస్టర్‌తో వెతికి, ఫ్యూజ్ ట్యాప్ (ఉన్న ఫ్యూజ్ చోటు నుంచే ఇంకో వైరుకి కరెంటు తీసే అడాప్టర్) పెట్టి డిటెక్టర్‌కి 2 ఆంపియర్ల ఫ్యూజ్ వేశా. ఎర్త్ వైరు బాడీ బోల్టుకి. ముందు అద్దం పక్కనున్న పిల్లర్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉంటే వైరు దాని వెనక నుంచే పోవాలి, ముందు నుంచి అస్సలు వద్దు, ఇదొక్కటే నాకు టెన్షన్ పెట్టిన పని. డిటెక్టర్‌ని అద్దం పైభాగంలో పెట్టా. అద్దానికి లోహపు పూత ఉంటే సిగ్నల్ సరిగ్గా అందదు, కొనేముందే చూసుకోండి.

పోలీసులు లేజర్ గన్‌తో స్పీడు కొలిస్తే మాత్రం దీని మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు, డిటెక్టర్ మోగేసరికి మన స్పీడు వాళ్లకి తెలిసిపోయుంటుంది. చాలా దేశాల్లో రాడార్ డిటెక్టర్ వాడటమే నేరం కూడా.