గృహప్రవేశానికి 1,500 రూపాయల్లో ఏమి ఇవ్వవచ్చు?

వచ్చే నెల విజయవాడలో నా స్నేహితురాలి గృహప్రవేశం. ఆమె ఆర్కిటెక్ట్, గోడ రంగు నుంచి తలుపు గడియ వరకు అన్నీ తానే ఎంచుకుంది. గడియారమో ప్లాస్టిక్ పూలో ఇవ్వడానికి నాకు మనసు ఒప్పడం లేదు.

ఏటికొప్పాక లక్క గిన్నె ఇవ్వాలని ఉంది. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు లక్కను అదిమి పెడితే ఆ రాపిడి వేడికే కరిగి పట్టుకుంటుంది. ఆ నునుపు తాకితేనే తెలుస్తుంది. అయితే సహజ రంగులవీ రసాయన రంగులవీ ఎలా గుర్తుపట్టాలి? చేర్యాల మాస్కుల జత కూడా నచ్చింది, కానీ ఆమె గోడ మీద నా అభిరుచిని రుద్దినట్లు అవుతుందేమో! పెడన కలంకారీ దిండు గలీబులైతే ఉతికినా రంగు నిలుస్తుందా?

కొని వాడినవారు దయచేసి చెప్పండి. ఏటికొప్పాక వెళ్తే కళాకారులు ఒకటి రెండు విడిగా అమ్ముతారా? వారి చేతి నుంచే కొనాలని నా కోరిక.