పాఠం గడగడా చదువుతరు, ప్రశ్న అడిగితే ఒక్కరూ చెప్పరు. ఏం చేయాలె?

నర్సంపేట సైన్స్:
పొద్దటి నుంచి కూర్చున్నా ఒక్క వర్క్‌షీట్ కుదరలే. మా బడిల ప్రతి సబ్జెక్టు టీచరూ తన పీరియడ్‌లనే చదవడం, రాయడం కూడా నేర్పాలని పెట్టిన్రు. మంచిదే, కాదంటలేను. కానీ ఎట్ల? మొక్కల్లో పోషణ పాఠం గడగడా చదువుతరు. "ఆకుకు నీళ్లు ఎక్కడికెళ్లి వస్తయి?" అంటే ఒక్క నోరు లేవది. జవాబు రాయమంటే గైడ్‌ల ఉన్నది ఉన్నట్టు దించుతరు. ప్రశ్నలు సులువు చేసిన, బొమ్మ గీసిన, కష్టమైన పదాలన్నిటికీ అర్థాలు రాయించిన. ఏదీ పనిచేస్తలే. రేపు మూడో పీరియడ్‌కు ఏదన్నా చెప్పండి.

కాజీపేట:
ఏ తరగతి? ఏ మీడియం? ఎంతమంది? పిల్లలు ఇంట్ల ఏం మాట్లాడుతరు?

తెలుగు పండిట్, హనుమకొండ:
"గడగడా" అన్నది ముందు పరీక్షించండి. నాలుగు సార్లు వింటే పాఠం కంఠస్థం అయితది. పుస్తకం చేతిల ఉన్నా విన్నది అప్పజెప్తరు. పాఠంలో లేని 60, 70 పదాల పేరా ఒకటి తీసుకొని ఒక్కొక్కరిని విడిగా ఒక నిమిషం చదివించండి. ఎక్కడ ఆగుతున్నరో పక్కన రాసుకోండి. వత్తుల దగ్గర ఆగితే ప్రశ్నలు ఎంత సులువు చేసినా లాభం లేదు. ముందు ద్విత్వం (అమ్మ, పచ్చ), తర్వాత సంయుక్తం (పద్మ, రక్తం), ఆఖరుకు సంశ్లేషం (రాష్ట్రం, స్త్రీ). ఈ వరుసల రోజుకు పది పదాలు డిక్టేషన్ ఇవ్వండి. చదువుడు, రాసుడు, లెక్కలు నేర్పే సర్కారు కార్యక్రమం తొలిమెట్టు 1 నుంచి 5వ తరగతి దాకానే, హైస్కూలుకు వచ్చినంక వత్తులను ఎవరూ ముట్టుకోరు. ఇంకోమాట. "విద్యార్థి"ని "విధ్యార్ది" అని రాస్తే సైన్స్, సోషల్ వాళ్లు దిద్దకుండ టిక్కు పెడుతున్నరు. భాష ఒక్క తెలుగు పీరియడ్‌దే కాదు గదా. నోటుబుక్కుల్ల ఒత్తక్షరం తప్పు కనబడితే చుట్టి వదిలేయకుండ...

లెక్కల సార్, పరకాల:
పండిట్ గారూ, దిద్దుడు వేరే చర్చ. ఆయన అడిగింది అర్థం చేసుకునుడు గురించి. లెక్కల్ల ఇది రోజూ కనబడేదే. "లత దగ్గర 24 పెన్నులున్నాయి. ఇవి రవి దగ్గర ఉన్నవాటి కంటే 6 ఎక్కువ. రవి దగ్గర ఎన్ని?" చాలామంది 30 అంటరు. "ఎక్కువ" కనబడంగనే కూడుతరు. కూడిక వచ్చు, "కంటే" ఎవరివైపు ఉన్నదో చూడరు. "ఎక్కువ అంటే కూడాలె, మిగిలినవి అంటే తీసేయాలె" అని కింది తరగతుల్ల చెప్పిన చిట్కానే ఇక్కడ ముంచుతది. లెక్క చేయకముందే "ఎవరి దగ్గర ఎక్కువున్నయి?" అని అడిగి, రెండు గీతలు పొడుగు పొట్టిగ గీయించండి. గీతలు సరిగ్గ పడితే 18 వాళ్లే చెప్తరు.

సోషల్ మేడం, ములుగు:
సోషల్ల ఇంకో తీరు చిక్కు. "1323లో ఢిల్లీ సైన్యం ఓరుగల్లును పట్టుకుంది. అంతకుముందు 1310లో ప్రతాపరుద్రుడు కప్పం కట్టి సంధి చేసుకున్నాడు" అని ఉంటే, ఏది ముందు రాసి ఉంటే అదే ముందు జరిగిందనుకుంటరు. అక్కడ కాలరేఖ గీయించాలె. ఒక్కో సబ్జెక్టు చదివే తీరు ఒక్కోటి, అన్నిటికీ ఒకే వర్క్‌షీట్ పెడితే నడవదు.

నర్సంపేట సైన్స్:
7వ తరగతి, 42 మంది. పేరుకు ఇంగ్లీష్ మీడియం. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీష్ ఉన్న పుస్తకమే. చదివేది తెలుగు పేజీ, పరీక్ష రాసేది ఇంగ్లీష్‌ల. సగం మంది తండా పిల్లలు, ఇంట్ల లంబాడీ. అన్ని బడులూ ఇంతే గదా అని రాయలే.

కాజీపేట:
అదే అసలు సంగతి. ముందు చెప్పాలె.

బయాలజీ, భూపాలపల్లి:
సార్, పదాల అర్థాలు రాయించినా పనిచేయకపోవుడు సహజమే. అడ్డం పడుతున్నది పదం కాదు, వాక్యం. ఈ తీరుది చూడండి: "వేర్ల ద్వారా శోషించబడిన నీరు, పత్రరంధ్రాల ద్వారా గ్రహించబడిన కార్బన్ డయాక్సైడ్ సూర్యకాంతి సమక్షంలో, పత్రహరితం సహాయంతో పిండిపదార్థంగా మార్చబడతాయి." ఈ వాక్యంల పని చేసేది ఎవరో సూటిగ ఎక్కడా లేదు. పాఠం తెలిసినోళ్లం గనుక వేరు, ఆకు మనకు తట్టుతయి. పిల్లకు "బడిన, బడిన, బడతాయి" తప్ప ఏం కనబడది. రోజూ మాట్లాడే తెలుగుల ఇట్లాంటి "బడు" దాదాపు వినబడది. తండా పిల్లలకు ఇంకా దూరం.

రేపు పాఠం మొత్తం వద్దు, ఇట్లాంటి వాక్యం ఒక్కటి చాలు. పుస్తకాలు మూయించి ముందు మీరే మామూలు మాటల్ల చెప్పండి. వేర్లు నీళ్లు పీల్చుకుంటయి. అవి కాండంలకెళ్లి ఆకుకు ఎక్కుతయి. ఆకుకు సన్న రంధ్రాలుంటయి, అండ్లకెళ్లి గాలి లోపలికి పోతది. ఎండ తగిలితే ఆకు ఈ రెంటితోని తిండి తయారుచేస్తది. తర్వాత మూడు నిమిషాలు పక్కపక్కోళ్లను చెప్పుకోనియ్యండి, లంబాడీల అయినా సరే. అప్పుడు వాక్యం బోర్డు మీద రాసి, ప్రతి "బడిన" కింద గీత గీయించి "ఎవరు?" అని అడగండి. జవాబు పిల్లలే నింపాలె. ఆఖరుకు బోర్డు తుడిచి, పుస్తకం మూసి రెండు వాక్యాలు రాయించండి. మొదటి మాట మీరివ్వండి: "వేర్లు...", "ఆకు...". 45 నిమిషాల్ల 25 దీనికే పోతయి, పోనియ్యండి.

ఇంగ్లీష్ పేజీ అటెనుకనే. "ఈజ్ అబ్జార్బ్డ్ బై ద రూట్స్"ల "బై" తర్వాత ఉన్నదే పని చేసేదని చూపితే, తెలుగుల గీసిన గీతే అక్కడా పనికొస్తది.

ఒకరు చదివితే మిగతావాళ్లు వినుడు మాత్రం బంద్ పెట్టండి. తన వంతు లైను ఎక్కడొస్తదని లెక్కపెట్టుకుంటరు తప్ప వినరు. "కిరణజన్య సంయోగక్రియకు ఏమేం అవసరం?" లాంటి ప్రశ్న కూడా వద్దు, అర్థం కాకున్నా లైను వెతికి రాయొచ్చు. "ఆకు కింది వైపు వాసెలిన్ పూస్తే ఏమైతది?" అని అడగండి. రంధ్రాలు ఎక్కువ కింది వైపే ఉంటయి, అవి మూసుకపోతే లోపలికి ఏది రాదో పిల్లలే ఆలోచించాలె.

కెమిస్ట్రీ, జనగామ:
మీ వాక్యంల తప్పున్నది. మొదట తయారయ్యేది చక్కెర. నిల్వ ఉండేటప్పుడే పిండిపదార్థం. అయోడిన్ పరీక్షల నీలి నలుపు రంగు వచ్చేది ఆ నిల్వకే.

బయాలజీ, భూపాలపల్లి:
నిజమే. కానీ 7వ తరగతిల ముందు ఎవరు ఏం చేసిన్రో తెల్వనియ్యండి.

కెమిస్ట్రీ, జనగామ:
తర్వాత దిద్దుకునే కంటే మొదలే సరిగ్గ చెప్పుడు మంచిది. ఒక మాట ఎక్కువైతది, అంతే.

తెలుగు పండిట్, హనుమకొండ:
"సన్న రంధ్రాలు" అని వదిలేయకండి. పత్రరంధ్రం అని పలికించండి. మాట నోటికి రాకుంటే రాతల ఎట్లొస్తది?

సోషల్ మేడం, ములుగు:
పరీక్ష ఇంగ్లీష్‌ల అయినప్పుడు దాని ఇంగ్లీష్ పేరు స్టొమాటానే రావాలె గదా పండిట్ గారూ. ఒక్కదానికి రెండు పేర్లు పెడితే తండా పిల్లలకు మోపెడు బరువు.

తెలుగు పండిట్, హనుమకొండ:
పత్రం అంటే ఆకు, రంధ్రం అంటే తూటు. పేరులనే అర్థమున్నది. స్టొమాటాను బట్టీ పట్టాల్సిందే.

బయాలజీ, భూపాలపల్లి:
గోడకు ఒక చార్టు పెట్టండి. బొమ్మ మధ్యల, ఒక పక్క పత్రరంధ్రం, ఇంకో పక్క స్టొమాటా. పాఠానికి ఆరు పదాలు మించొద్దు. ఇరవై పెడితే గోడకే ఉంటయి.

నర్సంపేట సైన్స్:
సరే, రేపు "బడిన" కింద గీతలతోనే మొదలుపెడ్త. వాసెలిన్ ప్రశ్న గైడ్‌ల లేదు, అది బాగుంది. థాంక్స్ అందరికీ.

కాజీపేట:
ఒక నిమిషం చదివించుడు కూడా చేయండి. 42 మందికి ఒక్కరోజుల కాదు, రోజుకు ఏడుగురు.

జమ్మికుంట మ్యాథ్స్:
పరకాల సార్, "రెట్లు", "చొప్పున" మీద కూడా అట్ల గీతలు గీసే తీరున్నదా? ఉంటే పెట్టండి. 8వ తరగతికి అనులోమ, విలోమానుపాతం మొదలుపెట్టాలె.