ఊరకాకా, బొంతకాకా? మెడ సరిగ్గా కనిపించని ఫోటో

పాలపిట్ట: చెరువు గట్టున, పొద్దుటెండకు ఎదురుగా తీసిన మూడు ఫోటోల్లో ఇదొకటి. కాకి మొత్తం నల్లగానే ఉంది, ముక్కు లావుగా అనిపిస్తోంది. ఒకరు బొంతకాకి అన్నారు, ఇంకొకరు ఊరకాకే అంటున్నారు. మెడ రంగు తెలియనప్పుడు ఇంకేం చూడాలి?

గట్టుమీద: ఎండకు ఎదురుగా తీస్తే ఊరకాకి మెడ కూడా నల్లబడిపోతుంది. ఫోటోను ఎడిటర్‌లో తెరిచి షాడోస్ (చీకటి భాగాలను మాత్రమే వెలిగించే మీట) పైకి లాగండి. బ్రైట్‌నెస్ మొత్తం పెంచారంటే ఆకాశం తెల్లబడి మెడ అంచును తినేస్తుంది. నెత్తి, మొహం, గొంతు నల్లగా ఉండి, మెడ చుట్టూ రొమ్ము దాకా పాలిపోయి, రెక్క దగ్గర మళ్ళీ నలుపు మొదలైతే అది ఊరకాకి. బొంతకాకికి అలాంటి సరిహద్దు ఎక్కడా ఉండదు.

ఒక చిక్కుంది. ఎండ పక్కనుంచి పడితే బొంతకాకి మెడ మీది మెరుపు కూడా బూడిదరంగులా కనిపిస్తుంది. మెరుపైతే పిట్ట తల తిప్పగానే చోటు మారుతుంది, రంగైతే అక్కడే ఉంటుంది. అందుకే ఈసారి వరసగా నాలుగైదు తీయండి, ఎక్స్‌పోజర్ ప్లస్ 1 పెట్టి, అంటే కెమెరాలో వెలుతురు ఒక మెట్టు పెంచి.

తాటితోపు: ముక్కు ఒక్కదాన్నే నమ్మకండి. ఊరకాకి ముక్కూ సన్నదేం కాదు. ముక్కు పైఅంచు వంపు చూడండి. బొంతకాకికి అది బాగా ఉబ్బెత్తుగా వంగి ఉంటుంది, నుదురు దాని మీద నిటారుగా లేస్తుంది. పక్కనుంచి తీసిన ఫోటోలోనే ఇది తెలుస్తుంది. ఎదురుగా తీస్తే అన్ని కాకులూ లావుముక్కువే!

సైజు సంగతి అంతకన్నా నమ్మరానిది. ఊరకాకి సుమారు 40 సెం.మీ., బొంతకాకి 48 దాకా. రెండూ పక్కపక్కన వాలితే తేడా కొట్టొచ్చినట్టు ఉంటుంది. ఒంటరిగా, ఈకలు ఉబ్బించుకుని కూర్చున్నదాన్ని కొలవలేం. అరుపు వినిపిస్తే మాత్రం పని సులువు. ఊరకాకిది ముక్కుతో అన్నట్టుండే పలచటి కా కా, బొంతకాకిది గొంతు లోపలినుంచి వచ్చే బరువైన బొంగురు అరుపు. ఫోన్‌లో పది సెకన్లు రికార్డు చేసినా చాలు.

పాలపిట్ట: షాడోస్ లాగాను. రొమ్ము మీద పాలిపోయిన పట్టీ కనిపించింది, మూడు ఫోటోల్లోనూ అదే చోట. అయితే చాలా మసకగా ఉందండి.

గట్టుమీద: మూడింటిలోనూ కదలలేదు కాబట్టి ఊరకాకే. మసకకు కంగారుపడకండి. లేతపిల్లల్లో ఆ తేడా తక్కువగానే ఉంటుంది. పైగా ప్రాంతాన్ని బట్టి కూడా మారుతుంది: వాయవ్యాన ఎండుప్రాంతాల్లో మెడ దాదాపు తెలుపు, శ్రీలంక వైపు ముదురు బూడిద.

తాటితోపు: పేరు దగ్గర ఇంకో తికమక. బొంతకాకిని కొన్ని పక్షుల జాబితాలు ఇండియన్ జంగిల్ క్రో అని విడి జాతిగా చూపిస్తాయి, కొన్ని లార్జ్‌బిల్డ్ క్రో కిందే కలిపేస్తాయి. పేరు వేరైనా మన ఊళ్ళో కనిపించేది ఆ ఒక్క పిట్టే. మీరు ఎక్కించే జాబితాలో ఏ పేరుంటే అది వాడండి. ఎంత లాగినా తేలని ఫోటో అయితే జాతి రాయకుండా కాకి అని వదిలేయండి.