ఒడియా వింటే తెలుస్తుంది, నోరే పెగలదు. ఏం చెయ్యాలి?

ప్రశ్న (పర్లాకిమిడి): మూణ్ణెల్లలో ఆఫీసు మీటింగులో ఒడియాలో మాట్లాడాలి. బెరుకు పోయేదెలాగండి?

జవాబు (బరంపురం): ముందు పలుకు చూసుకోండి. ఇల్లు అనే ఒడియా మాటని మనం 'ఘర' అని పలికేచోట వాళ్లది దాదాపు 'ఘొరొ'. మొదటి వారం రోజూ ఒకే కొట్టుకెళ్లి ఒక్క మాటే అడగండి: 'దామొ కెతే?', అంటే ధర ఎంత అని. ధర చెప్పాక రెండో వారం బేరం కూడా ఆడండి. తర్వాత బస్సులో, ఆపైన ఆఫీసులో ఒక్కరితో. నేరుగా మీటింగులో లేచి తడబడితే మళ్లీ నెలదాకా నోరు తెరవబుద్ధి కాదు.

జవాబు (రాయగడ): పైవాళ్లది సరైన వరస. పెద్దవాళ్లని మాత్రం చనువుగా 'తుమె' (నువ్వు) అనకండి, 'ఆపొణొ' (మీరు) అనాలి. ఎదుటివాళ్ల మాట అందకపోతే చటుక్కున తెలుగులోకి జారిపోతాం చూడండి, చెడేది అక్కడే. అప్పుడు అనాల్సింది 'ఆఉ థొరే కుహొంతు', అంటే ఇంకోసారి చెప్పండి అని. ఇది ముందే కంఠతా పట్టండి.