పోటీకి పంపే ఫొటో మీద హక్కులు ఎవరివి? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. నేను తీసిన ఫొటోలు ఒక పోటీకి, వేసిన వాటర్ కలర్ బొమ్మలు ఒక పత్రికకి మొదటిసారి పంపుదామనుకుంటున్నాను.

పోటీ నిబంధనల్లో ఒకటి చదివాక టెన్షన్ పట్టుకుంది. కాపీరైట్ మీదే అంటూనే, వచ్చిన ప్రతి ఫొటోనీ నిర్వాహకులు ఎప్పటికీ, ఎక్కడైనా, డబ్బు ఇవ్వకుండా వాడుకోవచ్చని రాశారు. గెలిచినవాటికే కాదు, పంపిన అన్నిటికీ! పోటీ ప్రచారానికి వాడుకుంటే నాకేం అభ్యంతరం లేదు, పేరు వేస్తే చాలు. కానీ రేపు క్యాలెండర్లు వేసి అమ్ముకున్నా అడగలేనా? ఈ షరతు మార్చమని మెయిల్ పెడితే ఒప్పుకుంటారా, లేక ఇలాంటి పోటీలు వదిలేయడమే మంచిదా?

పంపాలనుకున్న ఫొటోల్లో నాకు బాగా ఇష్టమైనది మా అమ్మమ్మ సూదిలో దారం ఎక్కిస్తున్న ఫొటో. ఒక కన్ను మూసి, దారం కొసని పెదాలతో తడుపుతూ ఉంటుంది. ముఖం స్పష్టంగా కనిపిస్తుంది. అమ్మమ్మ సరేనంది గానీ, సంతకంతో అనుమతి పత్రం కూడా తీసుకోవాలా?

ఇక బొమ్మలు. పత్రికవాళ్లు ఏ4 సైజులో 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అడిగారు, అంటే 2480 × 3508 పిక్సెల్స్. అది సరే. స్కాన్ చేస్తే మాత్రం ఆకాశానికి వేసిన పల్చటి నీలం తెల్లగా పోతోంది, కాగితం గరుకు మచ్చల్లా తేలుతోంది. మబ్బు పట్టిన రోజు కిటికీ పక్కన పెట్టి కెమెరాతో తీస్తే మేలా? ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన బొమ్మని అప్రచురితం అనొచ్చా?

గడువు దగ్గరపడుతోంది. ముందు ఆ హక్కుల సంగతి చెప్పినా చాలు.