కొత్త కంప్యూటర్‌లో ఉబుంటు 24.04: కస్టమర్ వైపు మానిటర్ మారడం లేదు, విండోలు చెప్పిన వర్క్‌స్పేస్‌కి పోవడం లేదు

కౌంటర్_కుర్రోడు:
తిరుపతి బస్టాండు దగ్గర మాకు చిన్న నెట్ సెంటర్ ఉంది. జిరాక్సు, ప్రింటౌట్లు, ఆన్‌లైన్ అప్లికేషన్లు, రైలు టికెట్లు, ఇవే పని. పాత కంప్యూటర్‌లో ఉబుంటు (విండోస్ బదులు వాడే లినక్స్) 22.04 ఉండేది, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డుతో. అది బాగా నెమ్మదించిపోతే కొత్తది తీసుకున్నాం. ఇందులో విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు, ప్రాసెసర్‌తో వచ్చిన ఇంటెల్‌దే. 24.04 కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, పాత డిస్క్‌లోంచి ఫైళ్లు, నా స్క్రిప్టు మాత్రం తెచ్చుకున్నా.

కౌంటర్ మీద రెండు మానిటర్లు. ఒకటి నా వైపు, ఇంకోటి కస్టమర్ వైపు. ఫారం నింపాక ఇంటిపేరు, పుట్టిన తేదీ వాళ్లే స్క్రీన్ మీద చూసుకుని సరే అంటేనే సబ్మిట్ కొడతా, లేకపోతే ఒక్క అక్షరం తేడా వచ్చినా మళ్లీ మన మీదికే వస్తారు. ఇంతకుముందు నేను వర్క్‌స్పేస్ (విండోలని విడివిడిగా సర్దుకునే వేరే డెస్క్‌టాప్ లాంటిది) మార్చితే రెండు మానిటర్లూ కలిసి మారేవి, రెండో వర్క్‌స్పేస్‌లో కస్టమర్ వైపు ఏమీ తెరిచి పెట్టను కాబట్టి అటు ఖాళీ వాల్‌పేపర్ కనిపించేది. ఇప్పుడు నా వైపు మాత్రమే మారుతోంది. అటు వైపు ముందాయన ఫారం, ఆధార్ నంబరుతో సహా అలాగే ఉంటోంది, వెనక నిలబడినాయన తీరిగ్గా చదువుకుంటున్నాడు. షిఫ్ట్, సూపర్, పేజ్‌డౌన్ కలిపి నొక్కి ఆ విండోని పక్క వర్క్‌స్పేస్‌కి తోద్దామన్నా కదలదు.

రెండోది, పొద్దున షాపు తీయగానే నా స్క్రిప్టు (కమాండ్లు వరసగా రాసుకున్న ఫైలు) డబ్ల్యూఎంకంట్రోల్ (wmctrl) అనే విండోలు జరిపే కమాండ్‌తో ఫైర్‌ఫాక్స్‌ని ఒకచోట, లెక్కల క్యాల్క్ ఫైలుని ఒకచోట, క్రోమ్‌ని ఇంకోచోట సర్దేది. ఇప్పుడు క్రోమ్ ఒక్కటే కదులుతోంది, అదీ ఒక్కోసారి. మిగతావి ఉన్నట్టే దానికి తెలియడం లేదు. వైరస్ ఏమైనా అంటారా? 300 రూపాయల దర్శనం టికెట్లు విడుదలయ్యే రోజు మా దగ్గర కాలు పెట్టే సందు ఉండదు, ఆలోపు సరిచేసుకోవాలి. ఒకటే టెన్షన్.

తోతాపురి_చిత్తూరు:
వైరస్ కాదు బ్రదర్. మీ దగ్గర సంబంధం లేని రెండు సంగతులు ఒకేసారి వచ్చి పడ్డాయి, అందుకే అంతా గజిబిజిగా ఉంది. ముందు మానిటర్ సంగతి చూడండి. సెట్టింగ్స్‌లో మల్టీటాస్కింగ్‌కి వెళ్లి కిందికి దిగితే మల్టీ-మానిటర్ అని ఉంటుంది. అక్కడ 'వర్క్‌స్పేసెస్ ఆన్ ప్రైమరీ డిస్‌ప్లే ఓన్లీ' మీద చుక్క ఉంటుంది, ఉబుంటు డెస్క్‌టాప్ అయిన గ్నోమ్‌లో అదే డిఫాల్ట్. అంటే వర్క్‌స్పేసులన్నీ మెయిన్ మానిటర్‌కే, రెండో మానిటర్ మీద ఉన్న విండో అన్ని వర్క్‌స్పేసుల్లోనూ ఉన్నట్టే లెక్క. అన్నిట్లో ఉన్నదాన్ని పక్కకి ఎక్కడికి తోస్తారు? దాని కిందే ఉన్న 'ఆన్ ఆల్ డిస్‌ప్లేస్' నొక్కండి. పాత కంప్యూటర్‌లో ఎవరో ఒకరు అది ఎప్పుడో మార్చి ఉంటారు, కొత్త ఇన్‌స్టాల్‌కి ఆ ముచ్చట తెలీదు కదా.

సంతపేట_శీను:
నాదో మాట. నేనైతే డిఫాల్ట్‌నే ఉంచుతా. కస్టమర్ ఫారం చూసుకుంటుంటే నేను మధ్యలో లెక్కల ఫైలుకి వెళ్లి రావాల్సి వస్తుంది, ఆయన ముందున్న స్క్రీన్ కూడా మాయమైతే "ఏమప్పా, పోయిందా?" అని కంగారు పడతాడు. ఆధార్ కనపడకూడదంటే ఆ విండో మినిమైజ్ చేస్తే సరిపోతుంది.

కౌంటర్_కుర్రోడు:
శీనన్నా, రద్దీలో మినిమైజ్ చేయడం ఎవరికి గుర్తుంటుంది? చేతికి అలవాటైన ఒక్క మీటతో అన్నీ మారిపోవాలి నాకు. తోతాపురి బ్రదర్ చెప్పింది నొక్కా, వెంటనే రెండూ కలిసి మారుతున్నాయి. స్క్రిప్టు మాత్రం అలాగే ఉంది.

పాత_పెంగ్విన్:
ఆ మల్టీ-మానిటర్ విషయంలో కుర్రోడిదే న్యాయం. మినిమైజ్ అనేది మనిషి గుర్తుపెట్టుకునే పని, పక్కవాళ్ల ఆధార్ నంబర్లని మన జ్ఞాపకశక్తి మీద వదలకూడదు. ఇంకొకటి, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్‌కి వెళ్లి ప్రైమరీ ఏదో కూడా చూసుకోండి. కొత్త మెషీన్‌లో కేబుల్ వేరే పోర్టుకి పెట్టినప్పుడు కస్టమర్ వైపుది ప్రైమరీ అయిపోతుంటుంది. నోటిఫికేషన్లు ప్రైమరీ మీదే పైకి వస్తాయి, మీకొచ్చే మెసేజీలు ఊరంతా చదువుతుంది.

ఇక స్క్రిప్టు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్, సిస్టమ్ డీటెయిల్స్ తెరిస్తే విండోయింగ్ సిస్టమ్ అని ఒక వరుస ఉంటుంది. అక్కడ వేలాండ్ అని ఉంటుందని నా పందెం. వేలాండ్, ఎక్స్11 అనేవి విండోలని స్క్రీన్ మీద చూపించే రెండు వేర్వేరు పద్ధతులు. 22.04లో ఎన్విడియా కార్డున్న మెషీన్లని ఉబుంటు తనంతట తానే పాత ఎక్స్11 మీద నడిపేది, మిగతావాటికి వేలాండ్. మీరు కార్డు లేని మెషీన్‌కి మారారు కాబట్టి మీకు తెలియకుండానే కింద ఉన్న పునాది మారిపోయింది, 24.04ని తిట్టి లాభం లేదు. డబ్ల్యూఎంకంట్రోల్ ఎక్స్11 కోసం రాసింది. వేలాండ్‌లో ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం విండోని చూడటానికి, కదపడానికి మామూలుగా వీల్లేదు, భద్రత కోసం కావాలనే అలా కట్టారు. క్రోమ్ కదులుతోందంటే అది ఎక్స్‌వేలాండ్ అనే మధ్యపొర మీద నడుస్తోందన్నమాట, ఆ పొర మీదున్నవి మాత్రమే మీ స్క్రిప్టుకి కనిపిస్తాయి. ఫైర్‌ఫాక్స్, లిబ్రేఆఫీస్ నేరుగా వేలాండ్ మీద ఉన్నాయి, కనపడవు.

మరి క్రోమ్ కూడా 'ఒక్కోసారి' ఎందుకంటే, మల్టీటాస్కింగ్‌లోనే డైనమిక్ వర్క్‌స్పేసెస్ అని ఉంటుంది చూడండి. ఖాళీ అయిన వర్క్‌స్పేస్ దానంతటదే పోతుంది, వెనకవి ముందుకు జరుగుతాయి. మీ స్క్రిప్టు మూడోదానికి పంపమంటుంది, ఆ క్షణానికి ఉన్నవి రెండే, ఇంకెక్కడికి పంపుతుంది? ఫిక్స్‌డ్ నంబర్ పెట్టి నాలుగు అని ఇచ్చేయండి.

దారులు రెండు. త్వరగా కావాలంటే లాగౌట్ అయ్యి, పాస్‌వర్డ్ అడిగే చోట కింద కుడివైపు పళ్లచక్రం గుర్తు నొక్కి 'ఉబుంటు ఆన్ ఎక్స్‌ఆర్గ్' (అంటే ఎక్స్11 మీద నడిచేది) ఎంచుకోండి, పాత స్క్రిప్టు పాతలాగే పనిచేస్తుంది. 24.04కి మామూలు సపోర్ట్ 2029 దాకా ఉంది కాబట్టి అప్పటిదాకా బండి నడుస్తుంది. కానీ ఉబుంటు 25.10లోనే ఆ ఆప్షన్ తీసేశారు, కాబట్టి అదే నమ్ముకుని కూర్చోవద్దు. రెండో దారి, ఆటో మూవ్ విండోస్ అనే ఎక్స్‌టెన్షన్ (గ్నోమ్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాం). గ్నోమ్ వాళ్లదే, ఎక్స్‌టెన్షన్ మేనేజర్‌లో దొరుకుతుంది, వేలాండ్‌లోనూ పనిచేస్తుంది. ఏ అప్లికేషన్ ఎన్నో వర్క్‌స్పేస్‌లో తెరుచుకోవాలో చెబితే చాలు. పాత డిస్క్‌లోంచి ఎక్స్‌టెన్షన్లు కాపీ చేసి తెచ్చుకునే పని మాత్రం పెట్టుకోవద్దు, గ్నోమ్ 45తో వాటిని రాసే పద్ధతే మారింది, 24.04లో ఉన్నది 46.

తోతాపురి_చిత్తూరు:
ఆటో మూవ్‌తో ఒక తలనొప్పి ఉంది, ముందే చెబుతున్నా. అది అప్లికేషన్‌ని చూస్తుంది గానీ విండోని చూడదు. ఫైర్‌ఫాక్స్‌ని ఒకటోదానికి రాస్తే, మూడోదాంట్లో పని చేస్తూ కొత్త ఫైర్‌ఫాక్స్ విండో తెరిచినా అది ఒకటోదానికే పరిగెడుతుంది. అందుకే నేను రెండు బ్రౌజర్లు వాడతా, టికెట్లకి క్రోమ్, అప్లికేషన్లకి ఫైర్‌ఫాక్స్.

కౌంటర్_కుర్రోడు:
వేలాండ్ అనే ఉంది, పందెం మీరే గెలిచారు. ఆటో మూవ్ పెట్టి, నాలుగు ఫిక్స్ చేసి, స్క్రిప్టులో సర్దే భాగం తీసేసి అప్లికేషన్లు తెరిచేది మాత్రం ఉంచా. ఎక్కడివక్కడ కూర్చుంటున్నాయి. శీనన్న చెప్పిన కంగారు కూడా నిజమే, ఇందాకే ఒక పెద్దాయన "నా కాగితం ఎటు పోయింది నాయనా" అన్నాడు. ఇంకొక్కటి, క్రోమ్‌లో తెరిచే వాట్సాప్ విండో మాత్రం నేను ఏ వర్క్‌స్పేస్‌లో ఉన్నా నా వైపు కనబడాలి. క్రోమ్ టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేస్తే ట్యాబులే వస్తున్నాయి.

పాత_పెంగ్విన్:
ఆ విండో మీద ఉండి ఆల్ట్, స్పేస్ నొక్కండి, విండో మెనూ వస్తుంది. అందులో 'ఆల్వేస్ ఆన్ విజిబుల్ వర్క్‌స్పేస్' పెట్టండి. వాట్సాప్‌ని వేరే విండోగా తీశాకే ఇది చేయండి, లేకపోతే దాంతోపాటు మిగతా ట్యాబులూ వెంట వస్తాయి. విండో మూసేస్తే ఆ టిక్కు పోతుంది, రోజూ షాపు తీయగానే ఒకసారి పెట్టుకోవాల్సిందే.